పైన ఉండాల్సినవి

మేనేజరమ్మ తలుపు తీసి వరండాలోకి తొంగి చూసింది.

కుర్చీలో ఒకతను కూర్చుని ఉన్నాడు. మెడలో ఆఫీసు కార్డు, ఒళ్ళో సంచీ.

"కంప్యూటర్ల సెక్షన్ నుంచేగా? పొద్దుట్నుంచీ ఫోన్లు చేసి చేసి నా నోరు పడిపోయింది. రండి లోపలికి."

అతను గబుక్కున లేచాడు. "నమస్తే మేడం. నేను..."

"పరిచయాలు తర్వాత. ముందు నా ఇన్‌బాక్స్ సంగతి చూడండి. సాయంత్రంలోగా ఒక మెయిల్ దొరక్కపోతే మా పాప కన్ను పోయేలా ఉంది."

అతను ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు. సంచీ గోడవారగా పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఆవిడ గోడు చిన్నదేం కాదు. పాప ఎడమ కంటికి ఆపరేషన్ జరగాలి. తేదీ ఎప్పుడన్నది మెయిల్లోనే వస్తుంది. వచ్చిన రోజే ఒప్పుకోవాలి, లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది. పోయిన నెల అలాగే పోయింది. వేల మెయిళ్ళ అడుగున పడిన ఆ కబురు ఆవిడ కంటపడేసరికి వారం దాటింది. ఇంకా ఆలస్యమైతే చూపు మిగలదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు, ఉన్నవన్నీ దెప్పులే.

ఫోన్ మోగింది. మొగుడే.

"దొరికిందా?"

"వెతికిస్తున్నానండీ."

"పొద్దున్నే పంపాం అంటున్నారు ఆసుపత్రి వాళ్ళు. అందులో లింకు నొక్కితేనే తేదీ ఖాయమట. ఊళ్ళోవాళ్ళందరి మెయిళ్ళూ కనపడతాయి నీకు, కన్నకూతురిదే కనపడదు."

టక్కున పెట్టేశాడు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పరాయి మనిషి ఎదురుగా ఉన్నాడన్న మొహమాటం కూడా లేకపోయింది.

"ఆసుపత్రి పేరు కొట్టి వెతికారా మేడం?"

"వెతకడానికి ఇంకేం మిగల్లేదు. లేదు అందులో."

"అయితే మొత్తం సర్దేద్దాం. సర్దుతుంటే అదే బయటపడుతుంది. ఏవి పైన ఉండాలో చెప్పండి."

"ఆసుపత్రివి. తర్వాత పాప బడివి. ఆ తర్వాత మా పెద్దసారువి."

"సెలవు చీటీలు?"

"మధ్యలో పడెయ్యండి."

"ప్రకటనలు?"

"గంగలో కలపండి."

"చూసి కలుపుతాను మేడం." అతను కాస్త ఆగి అడిగాడు. "ఉద్యోగం పోయినవాళ్ళు రాసినవి చాలా ఉన్నాయి. అవెక్కడ?"

ఆవిడ నిట్టూర్చింది. నిన్ననే ఒక సెక్షన్ మొత్తాన్ని ఎత్తేస్తూ సంతకం పెట్టింది. ఆ పని ఇకమీదట మిషనే చేసేస్తుందని పెద్దసారు అన్నాడు, ఈవిడ సరేనంది. అక్కడ పనిచేసేవాళ్ళ మొహాలెలా ఉంటాయో కూడా ఆవిడకి తెలీదు.

"అడుగున పెట్టండి. 'నిదానంగా' అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి తోసెయ్యండి. ఇవాళ నా ఏడుపు నాకే సరిపోయింది."

"అలాగే మేడం."

అతని వేళ్ళు చకచకా నడిచాయి. ఒక్కో మెయిల్ తెరవడం, రెండు ముక్కలు చదవడం, దాని చోట్లో దాన్ని పెట్టడం. చదవకుండా ఒక్కదాన్నీ కదిలించడు. ఆవిడకి ఒళ్ళు మండుకొచ్చింది.

"ఇలా ఒక్కోటీ చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే. గంపగుత్తగా తోసెయ్యొచ్చుగా?"

"పంపినవాళ్ళ పేరు చూసి తోసేస్తే అవసరమైనవి కూడా పోతాయి మేడం."

ఆవిడ విసుగ్గా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద ఆఫీసు వదిలినవాళ్ళు ఒక్కొక్కరే గేటు దాటుతున్నారు. సాయంత్రం కానే అయింది. 

"మేడం, ఇటు రండి. ఇదేనేమో చూడండి."

ఒక్క అంగలో వచ్చింది.

"ప్రకటనల్లో పడి ఉంది. ఈసారి ఆసుపత్రి పేరుతో రాలేదు. వాళ్ళ తరఫున తేదీలు పంపే కంపెనీ పేరుతో వచ్చింది. అందుకే మీకు దొరకలేదు."

పాప పేరు, ఎడమ కన్ను, వచ్చే వారం తేదీ. ఆవిడ లింకు నొక్కింది. తేదీ ఖాయమైందని తెర మీద పడింది.

మొగుడికి ఫోన్ కలిపి, "దొరికిందండీ" అంది. ఆ పైన ఏడ్చేసింది. అవతల ఆయనా ఏడుస్తున్నాడు.

కళ్ళు తుడుచుకుని తిరిగేసరికి కుర్చీ ఖాళీ. గోడవార సంచీ లేదు. ఇక ఆ కంపెనీ నుంచి ఏది వచ్చినా ఎర్ర గుర్తుతో అన్నిటికంటే పైన నిలిచేలా ఏర్పాటు చేసి మరీ వెళ్ళాడు.

'అయ్యో, కనీసం పేరైనా అడగలేదే' అనుకుంటుండగా ఒక బొద్దుమనిషి రొప్పుతూ లోపలికొచ్చాడు.

"సారీ మేడం, కంప్యూటర్ల సెక్షన్. మీ ఇన్‌బాక్స్ ఏదో సర్దాలన్నారట."

"మీవాళ్ళొకరు వచ్చి సర్దేసి వెళ్ళారుగా?"

"మావాళ్ళా? ఇవాళ డ్యూటీలో ఉన్నది నేనొక్కణ్ణే మేడం."

ఆవిడ బెల్లు కొట్టింది. అటెండరు వచ్చాడు.

"ఇందాక లోపల పనిచేసినాయన ఎవరయ్యా?"

"ఎవరో తెలీదండీ. మిమ్మల్ని కలవాలని పొద్దుట్నుంచీ కూర్చున్నారు. మీకు మెయిల్ కూడా పెట్టానన్నారు. ఇప్పుడే గేటు దగ్గర కార్డు ఇచ్చేసి వెళ్ళిపోయారు."

మేనేజరమ్మ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎర్ర గుర్తున్నవాటిలో అలాంటిదేమీ లేదు. మధ్యవాటిలోనూ లేదు. 'నిదానంగా' తెరిచింది. పొద్దున వచ్చిన మెయిల్ ఒకటి, మిగతావాటిలాగే చదివి పక్కన పెట్టినది, అక్కడుంది.

"మేడం, ఖాతాదారుల మెయిళ్ళు చదివి తొందరవి ఏరి పైన పెట్టడం ఇన్నేళ్ళుగా నా పని, నిన్న మీ సంతకంతో అది పోయింది, ఒక్క మాట చెప్పుకుందామని ఇవాళ మీ గది బయట కూర్చుంటాను, మీరు పిలిస్తేనే లోపలికి వస్తాను."