చీపురు బండి

“ఎక్కెయ్ తల్లీ. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.”

చీపురు బండి, పరిగెడుతున్న నింకె పక్కకే వచ్చేసింది. నెత్తిన ఓ పెద్ద చీపురు నిలువుగా కట్టుకున్న తెల్ల వ్యాను అది. హాఫ్ మారథాన్‌లో అందరికంటే వెనక మిగిలినవాళ్ళని ఊడ్చుకుపోవడం దాని పని. దాన్ని నడిపే గ్రీట్, జుట్టు నెరిసిన మనిషి, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి నడకంత మెల్లగా తోలుతోంది.

“ఎక్కను,” అంది నింకె.

“కాలు ఈడుస్తున్నావు. ఇంకా ఐదు కిలోమీటర్లుంది. అంతా ఎదురుగాలే.”

“పోయిన రెండుసార్లూ ఎక్కాను. ఈసారీ ఎక్కానంటే ఈ బూట్లు చెత్తబుట్టలో పడేస్తాను. ఇంక జన్మలో పరిగెత్తను.”

గ్రీట్ మాత్రం పక్క తలుపు సగం తెరిచే ఉంచింది.

సముద్రం గట్టు మీద గొర్రెలన్నీ గాలికి వీపు తిప్పి నిలబడ్డాయి. నీళ్ళిచ్చే చోట బల్లలు మడిచేస్తున్నారు. నింకెని చూసి ఒకావిడ గబగబా ఓ సీసా మూత తీసి, “అయ్యో, ఇంకా ఉన్నారా,” అంది. ఆ మాట కాలినొప్పి కంటే ఎక్కువ గుచ్చుకుంది.

అన్నిటికన్నా బాధ పాపది. వాళ్ళ నాన్న చేతికిచ్చి వచ్చింది, పాలిచ్చి చాలాసేపైంది. రొమ్ములు బిగిసిపోయి అడుగేస్తే సలుపుతున్నాయి. సీసా నోట పెట్టనిస్తోందో లేదో. గుక్కపెట్టి ఏడుస్తోందేమో. ఏడుస్తోందనుకోగానే పాలు చేపుకొచ్చి చొక్కా తడిసింది. బండెక్కితే పది నిమిషాల్లో పాప దగ్గరుంటుంది.

చెయ్యి దానంతటదే వ్యాను తలుపు మీదకి పోయింది.

“ఆగమ్మాయ్.”

గట్టు మెట్ల మీద కూర్చుని ఓ ముసలాయన బూటు తాడు కట్టుకుంటున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. మెడ దాకా జిప్పు లాక్కున్న కోటు కిందనుంచి పరుగు నంబరు చివర కనిపిస్తోంది.

“నువ్వు ఎక్కేస్తే ఆఖరోణ్ణి నేనవుతాను. ఆవిడ నా వెంట పడుతుంది. ఆవిడ సంగతి నీకు తెలీదు.”

“నీ సంగతి నాకు తెలుసులే ముసలాయనా,” అంది గ్రీట్. “నువ్వూ ఎక్కు. బోలెడు చోటుంది.”

నింకెకి ఒళ్ళు మండింది. తనని అంటే అంది, అంత పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటలేమిటి? తలుపు వదిలేసింది.

“లేవండి తాతా. ఆ కంచె దాకా వెళ్దాం. తర్వాత సంగతి తర్వాత.”

ఆయన పేరు డౌవె అట. మోకాలు పట్టుకుని మూలుగుతూ వెనకే వచ్చాడు. అడుగడుక్కీ కోటులోంచి గలగలమంది.

“ఏంటి తాతా ఆ చప్పుడు?”

“ఇంటి తాళాలు. ఆలస్యమైతే మా ఆవిడ తలుపు తియ్యదు.”

వెనక వ్యాను గట్టిగా హారన్ కొట్టింది.

కంచె వచ్చింది. “ఆ నల్ల గొర్రె దాకా,” అంది నింకె. గొర్రె వచ్చింది. “ఆ గాలిమర దాకా.” ఆయన ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి పిలిచింది. పిలుస్తూ తన కాలి సంగతి మర్చిపోయింది. పాప సంగతి మాత్రం మర్చిపోలేక ఆయనకి చెప్పింది.

“ఏడిస్తే వాళ్ళ నాన్న ఉన్నాడుగా,” అన్నాడు డౌవె. “ఏడ్చే పిల్లనెత్తుకుని తిరగడం కూడా పరుగే. వాణ్ణీ కాస్త పరిగెత్తనీ.”

ఊరి చర్చి కనిపించేసరికి నింకె పిక్క పట్టేసింది. రోడ్డు పక్కనే కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“మీరెళ్ళండి తాతా. నావల్ల కాదు. నేను ఎక్కేస్తాను.”

“సరే. అయితే నేనూ ఎక్కుతా.” ఆయన వ్యాను మెట్టు మీద కాలు పెట్టేశాడు.

“రా రా,” అంది గ్రీట్. “బుద్ధొచ్చింది ఇన్నాళ్ళకి.”

నింకె చూసింది. ఇంతదూరం ఈడ్చుకొచ్చి, చర్చి గంట వినపడేంత దగ్గరకొచ్చాక, ఈయన్ని ఆ చీపురుకి అప్పజెప్పడమా? పిక్క గట్టిగా నలుపుకుని లేచింది. ఆయన కోటు చెయ్యి పట్టి లాగింది.

“దిగండి తాతా. దిగమంటున్నానా.”

ఆయన బుద్ధిగా దిగాడు.

ఇటికల వీధిలోకి వచ్చేసరికి బ్యాండువాళ్ళు డోళ్ళు సంచుల్లో సర్దుకుంటున్నారు. పరుగు ముగిసే గీత మీద నిలబెట్టిన గాలి నింపిన కమాను దించడానికి ఇద్దరు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. దాని పక్కనే నింకె మొగుడు, చొక్కా నిండా పాల మరకలతో. పాప అతని భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

నింకె గీత దాటింది. ఓ అమ్మాయి పెట్టెలోంచి పతకం తీసి మెళ్ళో వేసింది. నింకె దాన్ని గుప్పిట్లో పట్టుకుని, పాపని వాసన చూసి, అప్పుడు వెనక్కి తిరిగింది.

డౌవె గీతకి ఇవతలే ఆగిపోయాడు. రొప్పడం కూడా లేదు.

“ఒక్క అడుగు తాతా, రండి,” అంది నింకె కంగారుగా. “అమ్మాయ్, ఈయనకీ ఒకటి వెయ్యమ్మా.”

ఆ అమ్మాయి నవ్వింది. డౌవె తల గోక్కుని కోటు జిప్పు కిందికి లాగాడు. మెళ్ళో రెండు పతకాలు గలగలమన్నాయి.

“ఇవాళ ముసలాళ్ళ పరుగులో మొదటి బహుమతి ఇందాకే కొట్టేశాడమ్మా మా ఆయన,” అంది గ్రీట్, వ్యాను తలుపు పూర్తిగా తెరిచి. “ఏటా ఇదే వరస, మళ్ళీ వెనక్కెళ్ళి ఆఖరోడై కూర్చుంటాడు. ఇంకనైనా ఎక్కవయ్యా, ఇంట్లో సూపు చల్లారిపోయుంటుంది.”