చోక్ తీగ

అన్నయ్య పోయాక మూలపడ్డ పాత కారది. తెల్లారితే కొనేవాళ్ళొస్తారు. స్టార్ట్ చేస్తే చాలు, నల్లటి పొగ కక్కుతోంది. షెడ్డు తలుపులు బార్లా తీసినా పెట్రోలు కంపుకి ముక్కు పగిలిపోతోంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, ప్లగ్గుల మసి గీకాను. ఊహూఁ. మెకానిక్‌నై ఉండి దీనికి ఓడిపోతానా?

స్టీరింగ్ ముందు వదిన కూర్చుంది.

"వదినా, చోక్ పిడి లాగావా? చలికి ఇంజిన్ అందుకోనప్పుడే అది లాగాలి, వేడెక్కాక లాగితే పెట్రోలు ఎక్కువై పొగొస్తుంది."

"నేను లాగలేదయ్యా. లోపలికి నొక్కుతుంటే అదే బయటికొస్తోంది."

అన్నయ్య అలవాటది. మండుటెండలో కూడా "పాపం, దీనికి చలేస్తోందిరా" అంటూ చోక్ లాగేవాడు.

"దిగొచ్చి లైటు పట్టుకో. దీని సంగతి తేలుస్తా."

ఆ పిడి నుంచి ఇంజిన్ దాకా వచ్చే చోక్ తీగ కొసని కార్బురేటర్ నుంచి ఊడదీసి పిడికిట్లో పట్టుకున్నాను. పొగ ఆగింది. ఇంజిన్ బుద్ధిగా తిరుగుతోంది. నా పక్కనే నిలబడ్డ వదిన "హమ్మయ్య" అంది.

కారులో ఎవరూ లేరు.

నా పిడికిట్లోని తీగ మెల్లగా కారు లోపలికి, పిడి వైపు జారసాగింది. రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను.

"వదులు అన్నయ్యా," అన్నాను.

వాడు వదల్లేదు. నేనూ వదల్లేదు.