కంపెనీ టైము

కంపెనీవి కాక వేరే గడియారాలు దొరకడం ఆగిపోయి ఇరవై ఏళ్లయింది. కాకినాడలోని ఓ కిటికీల్లేని రొయ్యల షెడ్డు పనివాళ్లందరికీ కంపెనీ ఇచ్చిన క్వార్ట్జ్ వాచీలే దిక్కు. వరహాలమ్మ ఓ వారం పాటు, చనిపోయిన భర్త కీ ఇచ్చే వాచీని కొంగున ముడేసుకొచ్చింది. కంపెనీ వాచీలో ఎనిమిది గంటల షిఫ్టు అయ్యేసరికి భర్త వాచీలో తొమ్మిదిన్నర గంటలు గడిచేవి. రాత్రిళ్లు కంపెనీ వాచీ పరిగెత్తి ఆ తేడా సరిచేసుకునేది.

“అందుకేనే నిద్ర చాలట్లేదు,” అంది ఆ సంగతి విని, పక్కన పనిచేసే సత్తెమ్మ. ఇద్దరూ వెళ్లి సూపర్‌వైజరును అడిగారు.

“రెండొందల వాచీలు ఒకటే చెబుతుంటే నీదొక్కటే రైటా? సత్తెమ్మా, నువ్వేమంటావ్?” అన్నాడతను.

సత్తెమ్మ తల దించుకుంది. “పాత వాచీ కదండీ. ఎక్కువ తిరుగుతుందండి.”

“అయితే ఇటివ్వు.”

వరహాలమ్మ వాచీ ఇచ్చేసి, వెళ్లి రొయ్యలు ఒలవడానికి కూర్చుంది. పక్కన సత్తెమ్మ ఏడుస్తూ ఉంది. వరహాలమ్మ ఓదార్చలేదు.