నిర్దోషి మీద అప్పీలు

"ఇంకా నించునే ఉన్నారా? కూర్చోండి," అంది అధికారిణి.

"పర్లేదు మేడమ్. ఇలాగే బావుంది."

షేర్ బ్రోకర్ల సంఘం మీద సర్కారు పెట్టిన నిఘా ఆఫీసు అది. పేరుకే పెద్దది. లోపల రెండు బల్లలు, కిర్రుమనే ఫ్యాను, చెమ్మెక్కిన గోడ. చెప్పులరిగేలా తిరిగితే ఇవాళ్టికి ఆయన్ని లోపలికి రానిచ్చారు. ఇచ్చిన అర్జీ మడత విప్పకుండానే ఆమె అడిగింది.

"ఎవరి మీద?"

"జనం షేర్లు వాళ్ళకి తెలీకుండా తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో జూదమాడి తగలేసిన ఒక బ్రోకరు మీద. సంఘం వాణ్ణి నిర్దోషి అని వదిలేసింది."

వదిలెయ్యదూ మరి! రూల్సు రాసేది బ్రోకర్లు, విచారించేదీ బ్రోకర్లే. దోషి అని తేలిస్తే నష్టపోయినవాళ్ళకి సంఘం నిధిలోంచి కట్టాలి. నిర్దోషి అంటే పైసా కదలక్కర్లేదు. తీర్పు రోజున సంఘం అధ్యక్షుడు బయటికొచ్చి ఆయన భుజం తట్టాడు కూడా.

"అయిపోయిందిగా. ఇంక ఇంటికెళ్ళి పడుకోవయ్యా!"

పడుకుంటే నిద్రేదీ? అన్న పోయాక చేతికొచ్చిన బీమా డబ్బంతా వదిన ఆయన మాట మీదే షేర్లలో పెట్టింది. వీధి చివరి దర్జీ కూడా అంతే. ఆ దర్జీ ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. వదిన తిప్పుకోదు. అది ఇంకా నరకం. పొద్దున ఆయన గడప దాటుతుంటే, "పిల్లని చదువు మాన్పించి బట్టల కొట్లో పెట్టాను మరిదీ," అని మాత్రం అంది.

అధికారిణి కళ్ళజోడు తీసింది. "తీర్పు తిరగరాసే అధికారం మాకుంది. కానీ తిరగరాస్తే అతను జైలుకి పోతాడు. ఇల్లూ వాకిలీ వేలానికొస్తాయి."

"రానివ్వండి. సంఘం నిధి తలుపు తెరుచుకోవాలి, అంతే."

"భలే కసి మీదున్నారే! పాత శత్రువా?"

"వాడంత శత్రువు నాకు ఇంకెవడూ లేడు మేడమ్."

బంట్రోతు టీ పెట్టి వెళ్ళాడు. ఆమె ముట్టుకోలేదు.

"ముందు ఆ బ్రోకర్ని పిలిపించి వాంగ్మూలం తీసుకోవాలి. సంఘం వదిలేసినవాడు మేం పిలిస్తే వస్తాడంటారా? ఇంతవరకూ ఒక్కడూ ఈ గడప తొక్కలేదు."

ఆయన రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

"ఇందాకటి నుంచీ మీ ముందు నించునే ఉన్నాను మేడమ్."