మేడమ్‌కు తెలిసిన నొప్పి

నర్సు చదువంతా ఇంటిదగ్గరే అయిపోయే రోజులవి. మందసలో నూకరత్నం చేతులకు స్పర్శను దూరానికి చేరవేసే తొడుగులు వేసుకుని నేర్చుకుంటుంటే, విశాఖలో కూర్చున్న ఎస్తేరు మేడమ్ ఆ వేళ్ల పట్టును తన వేళ్లతోనే గమనించి సరిదిద్దేది. ఆఖరి పరీక్షకు మాత్రం నిజమైన మనిషి నుంచి రక్తం తీయాలి. ఇంట్లో ఉన్నది మొగుడు సింహాద్రి ఒక్కడే.

అతని కోసం మెడ నుంచి మడమల దాకా ఉండే పేషెంటు బట్టలు పంపారు. అవి వేసుకున్నవాడికి ఎక్కడ నొప్పి పుట్టినా మేడమ్‌కు సరిగ్గా అక్కడే తెలుస్తుంది.

రత్నం పాసైతే ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం. అప్పుడు వంట తన మీద పడుతుందని సింహాద్రి బెంగ. అందుకే ఎడమ చేతికి సూది దిగగానే "అమ్మో, చచ్చాను!" అని అరిచి, కుడి చేత్తో తొడ గట్టిగా గిల్లుకున్నాడు.

రత్నం మాత్రం సూదిని కదలనివ్వలేదు. గొట్టంలోకి రక్తం ఎక్కుతూనే ఉంది.

తెర మీద మేడమ్ తొడ రుద్దుకుంటోంది.

"సింహాద్రి గారూ, సూది గుచ్చింది మోచేతి దగ్గర కదా?"

"అవునండీ, ప్రాణం పోతోందండీ!"

"అక్కడ నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. మరి కుడి తొడ మీద ఈ మంటేమిటి?"

సింహాద్రి గబుక్కున తొడ మీది చెయ్యి తీసేశాడు.

"నువ్వు పాసయ్యావమ్మా రత్నం," అంది మేడమ్. "ఆయన్ని మాత్రం గోళ్లు తీసుకోమను."

రత్నం నవ్వాపుకుంటూ సూది తీసి దూది అద్దింది. సింహాద్రి తలెత్తకుండానే అడిగాడు.

"గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని పోస్తావు?"