ఐసూ ఏఐ

ఆ రోజు గ్రామసభకు టీవీ వాళ్లు వచ్చింది ఐసు కోసం కాదు, ఏఐ కోసం.

కొన్నాళ్లుగా విలేకరి శ్రావణి కెమెరా వేసుకుని దీవులన్నీ తిరుగుతోంది. లేని మనిషిని ఉన్నట్టు, అనని మాటను అన్నట్టు చూపించే ఏఐ వచ్చేసిందని, ఓట్లన్నీ తారుమారేనని ఆమె చానల్ రోజూ సాయంత్రం ఎర్రక్షరాలతో, ఢమఢమ చప్పుళ్లతో ఊదరగొడుతోంది. ఏఐకి పగ్గాలు వేయాల్సింది సర్కారా, జనమా అని అడుగుతోంది. ఏఐ మాటేమో గానీ, ఆ చప్పుళ్లకే పిల్లలు జడుసుకుంటున్నారు. పంచాయతీ ప్రధాన్ కన్నారావు మాత్రం ఆ ప్రోగ్రాం ఒక్క రోజూ వదలడు.

చేపలమ్మే అసిరమ్మ గొడవ వేరు. ఊరి ఐసు ప్లాంటు పాడైందని ప్రధాన్ చెప్పిన దగ్గర్నుంచి, ఆమె చేపలు బాంబూఫ్లాట్‌లో పట్నం వెళ్లే ఫెర్రీ ఎక్కేలోపే మెత్తబడిపోతున్నాయి. ఇలాగే సాగితే పడవ అమ్ముకోవాల్సిందే. ప్లాంటును తామే నడుపుకుంటామంటున్న చేపలమ్మే ఆడవాళ్లకు తాళాలు ఇవ్వాలా వద్దా అని ఆ రోజు సభలో చేతులెత్తాలి. ప్రధాన్ మొహం చూసి జనం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

అసిరమ్మ లేచింది. బొడ్లోంచి, నల్లటి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను తీసింది. సముద్రం మీద బతికేవాళ్ల ఫోన్లన్నీ అలాగే ఉంటాయి.

"మొన్న జెట్టీ కాడ రిసార్టు మేనేజరుతో మాటాడినావు గదా బాబూ. ఆ మాట నువ్వే సెప్తావా, దీన్నడగమంతావా?"

ప్రధాన్ మొహం పాలిపోయింది. అంతలోనే టీవీ ప్రోగ్రాం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

"అది ఏఐ," అన్నాడు కెమెరా వైపు తిరిగి. "సబ్ నక్లీ. నా మొహం, నా గొంతు, అన్నీ ఏఐ చేసీసినాది. లేకపోతే కొబ్బరిబొండాం తాగుతూ, 'బరఫ్ అంతా మీకే పంపిస్తాను, మావోళ్లకి మెషీన్ ఖరాబని సెప్పీసినాను' అని నేనెందుకంటాను?"

ఐసు మాట గానీ, కొబ్బరిబొండాం మాట గానీ అసిరమ్మ ఎత్తనే లేదు.

తర్వాత చేతులు లేచాయి. ప్రధాన్ బావమరిది చెయ్యి కూడా లేచింది.

తాళాలు బొడ్లో దోపుకుంటున్న అసిరమ్మ దగ్గరికి శ్రావణి పరుగెత్తుకొచ్చింది. ఆ ఏఐ వీడియో ఒక్కసారి ఇమ్మని, సాయంత్రం ప్రోగ్రాంలో అదే మొదట వేస్తామని, దీదీ దీదీ అంటూ బతిమాలింది.

అసిరమ్మ కవరు విప్పి, అంకెల బటన్లు అరిగిపోయిన పాత ఫోను ఆమె చేతిలో పెట్టింది. దానికి కెమెరానే లేదు.