క్లబ్బు సీఐడీ

"ఆ చెవి మిషను ఎవరికో చెప్పందే బీరువా తలుపు తియ్యను" అన్నాడు పాత్రల షాపాయన.

వారం వారం జరిగే సేవా క్లబ్బు మీటింగు అది. గ్రంథాలయం మేడ మీద గది, పొడుగాటి బల్ల, ఒక పక్కకి జారిపోయిన బ్యానరు. అధ్యక్షుడైన బ్యాంకు మేనేజరు గంట కొట్టి ఇంకా టీ కప్పు కూడా అందుకోలేదు, అప్పుడే గొడవ మొదలైంది.

క్లబ్బుకి ఒక ఇనప బీరువా ఉంది. చేతికర్రలు, వాకర్లు, బీపీ మిషన్లు, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన ఒకే ఒక్క చెవి మిషను అందులో ఉంటాయి. అవసరమున్నవాళ్లకి ఉచితంగా ఇస్తారు. బీరువా పెత్తనం మాత్రం పాత్రల షాపాయనది. క్లబ్బు ఇచ్చిన చక్రాల కుర్చీ ఒకటి పాత సామాన్ల కొట్లో అమ్మకానికి కనబడిందట, ఆనాటి నుంచీ ఆయన స్వయంగా ఇంటికెళ్లి, కళ్లారా చూసి, ఊఁ అంటే తప్ప ఏ వస్తువూ గది దాటదు. అందుకే ఆయన్ని అందరూ సీఐడీ అంటారు. మొహం మీదే అంటారు. ఆయన దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు.

"పేరు చెప్పనని మాటిచ్చాను అన్నయ్యగారూ" అంది రిటైరైన నర్సమ్మ. "పరీక్ష నేనే దగ్గరుండి చేయించాను. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. మొన్న వెనకాలే లారీ వస్తుంటే హారను వినబడక, కాస్తలో బతికి బయటపడింది. నన్ను నమ్మండి."

"అయ్యో, నమ్మకేం తల్లీ! ఇల్లెక్కడో చెప్పండి, ఇలా వెళ్లి అలా చూసొస్తా."

"ఇంటికి మాత్రం వద్దు."

"ఏం?"

"ఇంట్లోవాళ్లకి తెలీదు."

సీఐడీ గారు కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. "విన్నారా అందరూ? చెవుడేమైనా కొంగున ముడేసి దాచుకునేదా? ఇంట్లో మనిషికి చెవులు పోతే ఇంట్లోవాళ్లకి తెలీదట! మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా నాకు తెలిసిపోతుంది."

నర్సమ్మ ఆయన వంక ఒకసారి చూసి, వెంటనే చూపు టీ కప్పులోకి దించేసుకుంది. ఆ చూపు ఆయన కంటపడనే పడింది. షాపులో గరిటె జేబులో వేసుకున్నవాళ్లు సరిగ్గా అలాగే చూపు తిప్పుకుంటారు. పోయిన వారం మీటింగయ్యాక ఈవిడ బీరువా చుట్టూ తచ్చాడటం కూడా గుర్తొచ్చింది. అనుమానం కాస్తా ముదిరింది.

"మీ చుట్టాలావిడా?" అన్నాడు.

"కాదు."

"మరి మీకెందుకమ్మా ఇంత తాపత్రయం?"

"ఎందుకంటే అడిగే ధైర్యం ఆవిడకి లేదు కాబట్టి. వినబడటం లేదంటే నటన అంటారని భయం. మొహాలు చూసి, పెదాలు చూసి నెట్టుకొస్తోంది పాపం."

"నటనే! నేనూ అదే అంటున్నా!"

నర్సమ్మ లేచి నిలబడింది. "అన్నయ్యగారూ, ఒక్కసారి అలా వరండాలోకి వస్తారా? మీకొక్కరికే చెబుతాను."

ఇదిగో, దారికొచ్చింది అనుకున్నాడాయన. చాటుకి పిలిచి బతిమాలి బుట్టలో వేసుకుందామని కాబోలు!

"చాటుమాటు వ్యవహారాలు నా దగ్గర కుదరవు. చెప్పేదేదో ఇక్కడే, అందరి ముందూ చెప్పండి."

ఆవిడ మెల్లగా కూర్చుంది.

"పోనీలెండి సార్" అని అధ్యక్షుడు సర్దిచెప్పబోయాడు. "ఈ ఒక్కదానికీ చూసీ చూడనట్టు..."

"చక్రాల కుర్చీకీ ఇదే మాట అన్నారు మీరు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మిషను ఇవ్వద్దనేవాళ్లని చేతులెత్తమంటే ముందు మొహమాటంగా ఒకటి, తర్వాత బిలబిలా అన్నీ లేచాయి, ఒక్క నర్సమ్మది తప్ప. అతిథిగా వచ్చిన పక్క ఊరి క్లబ్బు కార్యదర్శి తమ వృద్ధాశ్రమానికి అలాంటిదొకటి కావాలన్నాడు. సీఐడీ గారు అక్కడికక్కడే బీరువా తెరిచి, మిషను ఆయన చేతిలో పెట్టి, ఫొటోకి నవ్వాడు. చప్పట్లు మోగాయి. నర్సమ్మ టీ తాగకుండానే సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది. తప్పు చేసినవాళ్లు నిలబడలేరు మరి, అనుకున్నాడాయన.

ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి నడిచాడు. పడగ్గదిలో భార్య గుమ్మానికి వీపు పెట్టి, మంచం మీద ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయనకి కడుపు ఉబ్బిపోతోంది, ఎవరికో ఒకరికి చెప్పాలి. గుమ్మం పక్కనున్న కుర్చీలో చతికిలబడి అందుకున్నాడు.

"ఇవాళ ఒక ఘరానా మోసం పట్టుకున్నానే! ఆ నర్సమ్మ లేదూ, మహా పెద్దమనిషనుకున్నాం కదా..."

అని మొదలుపెట్టి లారీ హారను, పేరు చెప్పని ఆవిడ, వరండా రాయబారం, లేచిన చేతులు, అన్నీ వరసగా చెప్పాడు. నర్సమ్మ గొంతు అనుకరించి మరీ చెప్పాడు. భార్య మధ్యలో అడ్డు రాలేదు, ఊఁ కొట్టలేదు, తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఆవిడలో ఆయనకి నచ్చేదే అది. ఎంతసేపు చెప్పినా ఎదురుచెప్పని మనిషి.

"నా దగ్గరా వేషాలు! మిషను ఊరే దాటించేశా. ఏమంటావు?"

ఆవిడ ఆఖరి చొక్కా మడిచి దొంతర మీద పెట్టి, వెనక్కి తిరిగింది. ఆయన్ని చూసి ఉలిక్కిపడి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మో! ఎప్పుడొచ్చారండీ, చప్పుడైనా చెయ్యకుండా?"